పులుపుకు విరగని మందు

ఒక ఆడమనిషికి మూత్రం ఎర్రగా వచ్చిందని ముప్పైమంది ఆడవాళ్ళు చేతిలో పని వదిలేసి కేకలు పెట్టి చప్పట్లు కొట్టడం మీరెక్కడైనా చూశారా? నేను చూశాను. 2004 ఫిబ్రవరిలో, హిందూపురం చింతపండు మండీలో, మధ్యాహ్నం మూడున్నరకు. చూడడమేమిటి, వాళ్ళందరికంటే గట్టిగా కొట్టింది నేనే. ఇప్పటికీ తలచుకుంటే అరచేతులు చురుక్కుమంటాయి.

నా పేరు ఏసుదాసు. అప్పట్లో పెనుకొండ నుంచి పరిగి, హిందూపురం దాకా టీబీ మందుల పని చూసే సూపర్‌వైజర్ని. ఆఫీసు ఇచ్చిన మోటార్ సైకిలు, భుజాన ఖాకీ సంచి, అందులో రిజిస్టర్లు. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, సంతోషం కూడా దాని పక్కనే ఉంటుంది. ఏది వచ్చినా నోరు ఆగదు. ఈ కథలో సగం చెడింది ఆ నోటి వల్లే కాబట్టి ముందే చెప్పేస్తున్నాను. చెడిందాన్ని బాగుచేసింది మాత్రం ఆదిలక్ష్మి.

ఆదిలక్ష్మిది పరిగి దగ్గర పల్లె. భర్త ఎల్లప్ప ధర్మవరంలో పరాయి మగ్గం మీద పట్టుచీరలు నేసేవాడు. నెలకోసారి ఇంటికొచ్చి రెండు రోజులుండి పోయేవాడు. భూమి లేదు. వానలు పడితే వేరుశనక్కాయ పనులుంటాయి, మా వైపు పడకపోవడమే ఎక్కువ. ఏడాదిలో ఖాయంగా దొరికే పని ఒక్కటే. జనవరి చివర్లో చింతపండు రావడం మొదలైతే హిందూపురం మండీల్లో మూడు నెలలు చేతినిండా పని. కాయ కొట్టి, పెంకు తీసి, నారా గింజా లాగి రకాలుగా వేరు చేయాలి. మేలు రకాన్ని కరిపులి అంటారు. కాయ ఆకారం చెడకుండా, పండు నలగకుండా చేయాలి. ఆ పని అందరి చేతికీ రాదు. ఆదిలక్ష్మి చేతికి వచ్చినంత బాగా ఆ మండీలో ఇంకెవరికీ రాదు.

ఆమెకు టీబీ మొదటిసారి 1998లో వచ్చింది. ఎల్లప్ప ధర్మవరంలో ఒక డాక్టరుకు చూపించి మాత్రలు కొనిచ్చాడు. కొన్ని నెలలు మింగి ఆపేసింది. రెండోసారి 2001లో, పెనుకొండలో పుట్టింట ఉన్నప్పుడు. అప్పుడు సర్కారు మాత్రలే, ఊరికే ఇచ్చారు. అయినా ఆపేసింది. కార్డు మీద ఎవరో ఎర్రసిరాతో 'మధ్యలో మానేసినది' అని రాశారు. మూడోసారి 2003 అక్టోబరులో ఆ కార్డు పట్టుకుని నా ముందుకు వచ్చింది. అప్పటికి మనిషి ముప్పైనాలుగు కిలోలు, మాట మాటకూ దగ్గు.

"ఈసారి ఎనిమిది నెలలమ్మా. మొదటి రెండు నెలలు సూదులు గూడా ఉంటాయి. ఈసారి గాని మధ్యలో ఆపినావంటే ఇంగ ఈ మందులు నీకు పనిచెయ్యవు. వీటి పైన ఇచ్చేదానికి మా దగ్గర వేరే మందు లేదు" అని మొహం మీదే చెప్పాను.

ఆమె వేళ్ళు మడిచి నెలలు లెక్కపెట్టుకుంది. "అంటే జూన్ దాకానా సార్?" అంది. మొహం మాడిపోయింది. ప్రాణభయం కాబోలు అనుకున్నాను. అక్కడే అడిగి ఉంటే ఈ కథే లేదు.

అప్పుడే మాకు కొత్త పద్ధతి వచ్చింది. రోగికొక డబ్బా, డబ్బా మీద ఆ మనిషి పేరు, ఎనిమిది నెలల మందూ మొదటి రోజే ఆ పేరు మీద వచ్చేస్తుంది. వారానికి మూడు రోజులు నర్సమ్మ ముందు నిలబడి మింగాలి. అంతకుముందు మందు లేదు రేపు రాపో అని జనాన్ని తిప్పి పంపిన చేతులు నావి. పేరు రాసిన ఆ డబ్బాలు చూస్తే నాకు పండగలాగే ఉండేది. ఆదిలక్ష్మి డబ్బా పరిగిలో నర్సు రుక్మిణమ్మ దగ్గర పెట్టాం. మొదటి రోజే రుక్మిణమ్మ హెచ్చరించింది. "మూత్రం ఎర్రగా వస్తాది, బయపడాకు. ఆ ఎర్ర గొట్టం మాత్ర లోపల పనిచేస్తాందని గుర్తు, అంతే."

నేను నా వంతుగా పాఠం చెప్పాను. గుడ్లు తినాలి, పాలు తాగాలి, పండ్లు తినాలి అని. ఆదిలక్ష్మి బుద్ధిగా విని, "అట్లే తింటా సార్. ఎవురింట్లో తినాల్నో ఆ ఇంటి పేరు గూడా కార్డులో రాసియ్యండి" అంది. రుక్మిణమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.

మూడు నెలలు ఒక్క పూట తప్పలేదు. ఒకరోజు బస్సు రాకపోతే నడిచే వచ్చి సూది వేయించుకుని పోయింది. జనవరి మొదట్లో దగ్గి ఉమ్మిన గళ్ళను పరీక్షిస్తే ఒక్క క్రిమి కూడా కనబడలేదు. నేను నమ్మక సూక్ష్మదర్శినిలో నేనే కన్ను పెట్టి చూశాను. లేదు! ఆ కాగితం పట్టుకుని మోటార్ సైకిలు మీద పరిగికి పోయాను, దారిలో ఒక గొర్రెల మందను దాదాపు తొక్కేశాను. బరువు కూడా ముప్పైతొమ్మిదికి వచ్చింది.

జనవరి ఆఖరి వారంలో ఆదిలక్ష్మి రాలేదు. మరుసటి వారమూ రాలేదు. మధ్యలో ఎవరో మనిషిని పంపి, వారం మాత్రలు ఇంటికి తెప్పించుకుందని రుక్మిణమ్మ చెప్పింది. ఖాళీ అట్టలు మాత్రం తిరిగి రాలేదు. మూడో వారం నేను ఆమె పల్లెకు పోతే ఇంటికి తాళం. మండీకి పోతోందని పక్కింటివాళ్ళు చెప్పారు.

నా కోపం చూడాలి ఆ రోజు! ఒళ్ళు కాస్త బాగయ్యేసరికి మందు మరిచిపోయింది, మూడోసారి కూడా ఇంతే, వీళ్ళింతే అని దారిపొడవునా తిట్టుకుంటూ పోయాను. మండీలో ముప్పైమంది ఆడవాళ్ళు వరసగా కూర్చుని చింతపండు తీస్తున్నారు. గుమ్మంలో కాటా పక్కన యజమానురాలు అన్నపూర్ణమ్మ కుర్చీలో ఉంది. నేనెవరినీ పలకరించలేదు. లోపలికి పోయి గొంతెత్తి అరిచాను.

"ఏమ్మా ఆదిలక్ష్మీ! టీబీ మాత్రలు మానేసి ఈడొచ్చి కూచున్నావా? చావాలని ఉండాదా నీకు?"

ఆదిలక్ష్మికి అటూ ఇటూ కూర్చున్నవాళ్ళు కాస్త జరిగారు. అన్నపూర్ణమ్మ కుర్చీలోంచి లేచింది.

"టీబీనా? సామీ, మద్రాసు పార్టీలు కొనే సరుకు ఇది. నాలుగు నోళ్ళల్లో పడితే నా మండీ మూతపడతాది. రేపట్నుంచి రావద్దు తల్లీ" అంది.

ఆదిలక్ష్మి చేతిలో ఉన్న కాయను జాగ్రత్తగా పూర్తిచేసి గంపలో పెట్టింది. లేచి, చేతులు కడుక్కుని, నా వైపు చూడకుండా బయటికి వెళ్ళింది. అప్పుడు గాని నేనేం చేశానో నాకు తట్టలేదు. బస్టాండు దాకా ఆమె వెనకాలే పరుగెత్తాను.

"మీ కేకకు నా పని పాయ సార్" అంది, తిట్టినట్టు కాదు, జరిగింది చెప్పినట్టు.

"మాత్రలు ఎందుకు మానుకున్నావమ్మా?" అన్నాను. ఇన్నేళ్ళ ఉద్యోగంలో ఆ ప్రశ్న సరిగ్గా అడగడం అదే మొదలు.

"మానుకోలే సార్. దాచిపెట్టినా. ఒక్కటి గూడా పారెయ్యలే. చింతపండు పని అయిపోతానే మళ్ళా మింగుతా."

"చింతపండుకీ మాత్రకీ ఏం సంబంధం?"

ఆమె నన్ను జాలిగా చూసింది. "పులుపు మందును విరుస్తాది గదా సార్. పొద్దస్తమానం చేతులు దాంట్లోనే. కడిగినా గోళ్ళల్లో ఉంటాది, నోట్లోకి పోతాది. అప్పుడు మాత్ర మింగితే దండగ. నా పేరు రాసి ఇచ్చిన మందును పాడుచేస్తే పాపం కాదా? అందుకే ఎత్తిపెట్టినా. ముందు రెండుసార్లు గూడా అంతే."

"పని మానుకోలేవా మరి?"

"ఈ మూడు నెలలు మానుకుంటే మిగతా తొమ్మిది నెలలు ఏం తినాల సార్?"

తర్వాత ఆమె ఇంకొకటి చెప్పింది. వాళ్ళమ్మకు పెనుకొండలో కామెర్లు వచ్చాయి. పసరుమందు పోసి నెల రోజులు పులుపు ముట్టొద్దని పథ్యం పెట్టారు. ఇరవయ్యో రోజున వాళ్ళమ్మ నోరు చచ్చిపోయిందని, ఇంత పచ్చిపులుసు కలిపియ్యమని అడిగింది. నాలుగు రోజుల్లో ప్రాణం పోయింది.

"నాకు తొమ్మిదేండ్లు. ఆ పులుసు కలిపిచ్చింది నేనే సార్" అంది.

అక్టోబరు నుంచి ఆమె పులుసు, చారు, మజ్జిగ ఏదీ ముట్టలేదని అప్పుడు తెలిసింది. పేదవాళ్ళ ఇంట్లో సంగటిలోకి ఉండేదే పులుపు. ఆమె ఆ ఒక్కటీ వదిలేసి, ఉప్పుకల్లూ ఉల్లిగడ్డా నంజుకుని అన్ని నెలలు గడిపింది. నా లెక్కలో ఆమె మందు మానేసిన మనిషి. నిజానికి నాకు తెలిసినవాళ్ళలో ఆ మందును ఆమె అంత భక్తిగా చూసుకున్నవాళ్ళు లేరు. నాకు ఏడుపొచ్చింది, సిగ్గేం లేదు చెప్పడానికి.

ఆ సాయంత్రం ఆఫీసులో నాలుగేళ్ళ రిజిస్టర్లు ముందేసుకున్నాను. చింతపండు పనికి పోయే పల్లెల్లో మందు మానేసిన ఆడవాళ్ళు పందొమ్మిది మంది. ఏ నెలలో మానేశారో వేలు పెట్టి చూస్తూ పోయాను. ఫిబ్రవరి. ఫిబ్రవరి. జనవరి ఆఖరు. ఫిబ్రవరి! పదమూడు మంది! కుర్చీలోంచి ఎగిరి దూకాను. వాచ్‌మన్ రామన్న పాము వచ్చిందనుకుని కర్ర పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. వాళ్ళు బుద్ధిలేక మానేయలేదు, ఇన్నేళ్ళూ కళ్ళ ముందే ఉంటే మేమెవరమూ అడగలేదు. సంతోషమో సిగ్గో తెలియకుండా రామన్న చేతిని పట్టుకుని ఊపేశాను.

పొద్దున్నే పరీక్ష కాగితం పట్టుకుని అన్నపూర్ణమ్మ దగ్గరికి పోయాను. ఆదిలక్ష్మి గళ్ళలో క్రిమి లేదని, ఆమె వల్ల ఎవరికీ అంటదని, పండు ద్వారా అసలే అంటదని చెప్పాను. అన్నపూర్ణమ్మ కాగితం అటూ ఇటూ తిప్పింది.

"నువ్వు చదువుతావు, నేను చదువుతా. మద్రాసు పార్టీ ఈ కాగితం చదువుతాడా? సరేగాని ఏమప్పా, ఆమె తీసిన పండు నువ్వు తింటావా?"

నిన్న ఆదిలక్ష్మి నింపిన గంప గోడవార విడిగా పెట్టి ఉంది. నేను పోయి గుప్పెడు తీసి నోట్లో కుక్కుకున్నాను. కళ్ళ వెంట నీళ్ళు, దవడలు జివ్వుమన్నాయి, అయినా నమిలాను. రెండో గుప్పెడు తీయబోతుంటే అన్నపూర్ణమ్మ పడిపడి నవ్వింది.

"చాలప్పా చాలు! సరుకంతా తినేటట్టుండావు. రమ్మను ఆమెను. వాకిలి పక్కన గాలి తగిలేచోట కూచోమను. నిన్నట్నుంచి కరిపులి ఒక్కటి గూడా సరిగ్గా రాలేదు నాకు" అంది. మూడు రోజులు నేను సంగటి కూడా నమలలేకపోయాను.

పని తిరిగొచ్చింది, మాత్ర మాత్రం ఆదిలక్ష్మి మింగనంటే మింగనంది. మధ్యాహ్నం అన్నాల వేళ ఆడవాళ్ళందరినీ కూర్చోబెట్టి చెప్పి చూశాను. మన కడుపులోనే నిమ్మకాయను మించిన పులుపు ఉంటుందన్నాను. నవ్వారు. ఉత్సాహం ఆపుకోలేక నా జేబులోని తలనొప్పి మాత్రను చింతపండు రసంలో వేసి, చూడండి ఏమీ కాదు అన్నాను. అది బుసబుసమని పొంగి క్షణంలో పిండి పిండి అయిపోయింది.

"విరిగిపాయ!" అన్నారు ముప్పైమందీ ఒక్కసారిగా.

కంగారుపడి ఇంకొక మాత్రను మామూలు నీళ్ళలో వేశాను. అదీ కరిగిపోయింది.

"అయితే నీళ్ళతో గూడా మింగగూడదంటారా సార్?" అంది ఆదిలక్ష్మి. నా పరువు గంగలో కలిసింది. ఆ పనివాళ్ళ గుంపుకు పెద్ద చౌడేశ్వరి అయితే కడుపు పట్టుకుని నవ్వింది, నవ్వి నవ్వి దగ్గింది.

నవ్వు ఆగాక ఆదిలక్ష్మి కరిగిపోయిన ఆ మాత్రను వేలితో కలిపి చూసింది. తర్వాత నెమ్మదిగా అంది. "సార్, ఆ ఎర్ర గొట్టం మాత్ర పనిచేస్తే మూత్రం ఎర్రగా వస్తాదని రుక్మిణమ్మ చెప్పింది గదా. మాత్ర మింగి ఇరవై దినాలాయ, ఇప్పుడు మామూలుగా ఉండాది. పులుపు తిని, దాని పైన మాత్ర మింగుతా. ఎర్రగా వస్తే మందు విరగనట్టు. రాకపోతే విరిగినట్టు."

పదేళ్ళ ఉద్యోగంలో నాకు తట్టలేదు ఆ మాట! బడి మొహం చూడని మనిషి నిమిషంలో దారి కనిపెట్టింది.

చౌడేశ్వరి క్యారియర్‌లో పచ్చిపులుసు ఉంది. ఆదిలక్ష్మి దాన్ని గిన్నెలో పోయించుకుని చేతిలో పట్టుకుని చాలాసేపు చూసింది. వాళ్ళమ్మకు కలిపిచ్చింది అదే. నేను వద్దులేమ్మా, ఉత్త చింతపండు చాలు అనబోయాను. అంతలో గటగటా తాగేసింది. దాని మీద నేను తెచ్చిన మాత్రలు నీళ్ళతో మింగింది. తర్వాత పోయి తన చోట కూర్చుని కరిపులి తీయడం మొదలుపెట్టింది.

రెండున్నర గంటలు! నేను ఆ వసారాలో ఎన్నిసార్లు అటూ ఇటూ తిరిగానో లెక్కలేదు. నా పెళ్ళి చూపులకు కూడా అంత కంగారుపడలేదు. ఒకవేళ ఎందుకైనా ఎర్రగా రాకపోతే ఆమె ఇక ఈ జన్మలో మాత్ర ముట్టదు, నేను చూస్తూ చూస్తూ మనిషిని చంపుకున్నట్టే. ఆడవాళ్ళు గంటకోసారి ఆమెకు చెంబెడు నీళ్ళు తెచ్చి తాగించారు. చివరికి ఆదిలక్ష్మి లేచి మండీ వెనక గోడ చాటుకు పోయింది. సాక్షిగా చౌడేశ్వరి వెంట పోయింది. ముందు చౌడేశ్వరి కేకే వినబడింది.

"ఎర్రగా ఉండాది! విరగలే! మందు విరగలేదే!"

ఇక చూడండి! చప్పట్లు, ఈలలు, గంపలు బోర్లాపడ్డాయి, ఒకామె పెంకులు గుప్పిళ్ళతో ఎగరేసింది. నేను అరిచిన అరుపుకు కాటా దగ్గర నుంచి అన్నపూర్ణమ్మ పరుగెత్తుకొచ్చి, "ఏమైందప్పా, రేటు పెరిగిందా?" అంది.

ఆదిలక్ష్మి గోడ చాటు నుంచి వచ్చి నా ముందు నిలబడింది. అందరూ నవ్వుతుంటే ఆమె ఒక్కతే ఏడుస్తోంది.

"అయితే మాయమ్మ ఆ పులుసుతో పోలే గదా సార్?"

"లేదమ్మా. నీ పులుసుతో కాదు" అన్నాను. ఆ మాట ఇంకో నాలుగుసార్లు చెప్పించుకుంది. ప్రతిసారీ గట్టిగానే చెప్పాను.

మార్చి ఆఖర్లో చేసిన పరీక్షలో క్రిమి లేదు. జూన్‌లో చివరి మాత్ర మింగింది. మధ్యలో ఆగిన రోజులకు కూడా కలిపి ఇంకో మూడు వారాలు మింగించాను, కిక్కురుమనలేదు. నలభైమూడు కిలోలు! ఎల్లప్ప ధర్మవరం నుంచి వచ్చి ఆ ఖాళీ డబ్బాను తిప్పి తిప్పి చూసి, మూత వేసి మళ్ళీ తీసి చూశాడు. ఆ రోజు ఆదిలక్ష్మి వెంట ఇంకొక మనిషి వచ్చి రుక్మిణమ్మ గది బయటే నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు. చూస్తే చౌడేశ్వరి.

"ఈమెకు పేరు రాసిన డబ్బా ఇయ్యండి సార్. ఈమె గూడా రెండేండ్ల కిందట చింతపండు పనికని మాత్రలు ఎత్తిపెట్టిన మనిషే. దగ్గు మళ్ళా వచ్చింది" అంది ఆదిలక్ష్మి.

"ఫిబ్రవరిలోనే చెప్పొచ్చు గదమ్మా! ఎర్రగా వచ్చిందని నువ్వే గదా అరిచినావు" అన్నాను చౌడేశ్వరితో.

ఆమె తల దించుకుంది. ఆదిలక్ష్మే చెప్పింది. "మీరు మండీలో నన్ను అరిచినారు గదా సార్, ఆ పొద్దు ఈమె నా పక్కనే కూచోనుండె. నా పని పోయింది చూసింది. ఎట్ల చెప్తాది?"

నేను అరిచిన ఒక్క అరుపుకు చౌడేశ్వరి నాలుగు నెలలకు పైగా తన దగ్గు సంగతి నోట్లోనే నొక్కుకుంది. మందు విరగలేదని తెలిసి కూడా, నాకు భయపడి రాలేదు. అంతమందిలో కూర్చుని దగ్గుతూనే ఉంది. డబ్బా మీద ఆమె పేరు రాస్తుంటే కలం సాగలేదు.

మరుసటి ఏడు ఫిబ్రవరి వచ్చేసరికి చౌడేశ్వరికి ఇంకా మూడు వారాల మందు మిగిలి ఉంది. పరిగి దాకా పోతే పని పోతుందని, డబ్బా ఆదిలక్ష్మి చేతికి ఇచ్చాం. చింతపండు మూటల వెనక, తన సద్దిమూట కింద పెట్టుకుని, వారానికి మూడు మధ్యాహ్నాలు ఆమే మింగించేది. మండీలో ఇంకెవరికీ తెలియదు. ఆఖరి మాత్ర రోజున నేను పోయాను. నాకు పట్టరాని సంతోషం. మూటల వెనక ఇద్దరూ కనబడగానే గొంతు దానంతట అదే లేచింది.

"ఏమ్మా చౌడేశ్వరీ! ఇంతటితో నీ టీ..."

మాట పూర్తికాలేదు. ఆదిలక్ష్మి కూర్చున్నచోట నుంచే లేచి, చేతిలో ఉన్న కరిపులిని నా నోట్లో కుక్కేసింది.

"మెల్లగా సార్" అంది.

దవడలు జివ్వుమన్నాయి. నేను నోరు మూసుకుని నమలడం మొదలుపెట్టాను. చౌడేశ్వరి నన్ను చూసి నవ్వుకుంటూ చివరి మాత్ర మింగింది.